అక్టోబరులో మాదాపూర్ చెట్లు ఆకులు రాల్చవు

చెల్లీ,

నీ ఉత్తరం, దాంతో పంపిన పేజీలు నిదానంగా చదివాను. విచ్‌క్రాఫ్ట్ గురించి తెలుగులో, అదీ జనాన్ని భయపెట్టడానికి కాకుండా, నువ్వు సొంతంగా కట్టుకుంటున్న సాధన గురించి రాయాలనుకోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. మన దగ్గర ఈ విషయం మీద వచ్చేవి ఎక్కువగా క్షుద్రపూజల కథలు, లేదంటే మీ సమస్యలు తీరుస్తాం రండి అనే ప్రకటనలు. నువ్వు ఇంకో దారి వెతుకుతున్నావు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను, ఏమీ అనుకోకు.

మొదటి పేజీలోనే ఆగిపోయాను. అక్టోబరు 31, చనిపోయిన వాళ్లని తలుచుకునే పాశ్చాత్య పండుగ సావిన్ రాత్రి, హాస్టల్ కిటికీ బయట ఎండుటాకులు రాలుతున్నాయి, చలిగాలి గుండెల్లో దిగుతోంది అని రాశావు. అక్టోబరు ఆఖర్లో మాదాపూర్‌లో ఏ చెట్టు ఆకులు రాల్చిందమ్మా? ఇక్కడ ఆకు రాలేది శిశిరంలో, ఫిబ్రవరి మార్చిల్లో. అక్టోబరు ఆఖరంటే వానలు అప్పుడే వెనక్కి తగ్గి ఉంటాయి, చెట్లు ఇంకా పచ్చగా ఉంటాయి, రోడ్డు పక్కన బుట్టల్లో సీతాఫలాలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. ఆ వాక్యం నువ్వు చూసి రాసింది కాదు, ఎక్కడో చదివి రాసింది. కథలో అయితే ఎడిటర్ ఎవరో దిద్దేస్తారు, సాధనలో మాత్రం అది పునాదికే దెబ్బ. పేగన్ సాధన అంటేనే నీ చుట్టూ ఉన్న నేలా నీరూ వెలుతురూ ఋతువూ పవిత్రమని ఒప్పుకుని వాటితో కలిసి బతకడం కదా. చూడని ఋతువుకి దండం ఎలా పెడతావు?

సావిన్ చేసుకునే పాశ్చాత్య పేగన్ల 8 పండుగల చక్రం వాళ్లకి ఎలా వచ్చిందో ఒకసారి ఆలోచించు. ఎండాకాలమంతా మేతకి తోలిన పశువుల్ని చలికి ముందు ఇంటికి తెచ్చుకునే రోజులు సావిన్, మళ్లీ మేతకి తోలేటప్పుడు రెండు మంటల మధ్య నుంచి నడిపించేది మే 1న బెల్టేన్, గొర్రెలకి పాలు దిగే కాలం ఫిబ్రవరిలో ఇంబోల్క్. అంటే కొన్ని రైతు పనులు, కొన్ని సూర్యుడి మలుపులు. ఈ ఎనిమిదింటినీ ఒక చక్రంగా కూర్చుకున్నది కూడా 1950ల్లోనే, ఇంగ్లండ్‌లో. డిసెంబరులో వచ్చే యూల్ వాళ్లకి అంత పెద్ద పండుగ ఎందుకంటే లండన్‌లో ఆ రోజు పగలు 8 గంటలు కూడా ఉండదు, జూన్‌లో పదహారున్నర గంటలు దాటుతుంది. చీకట్లో కూరుకుపోయిన వాళ్లకి సూర్యుడు తిరిగి రావడం ప్రాణం లేచిరావడమే. హైదరాబాద్‌లో అతి చిన్న పగలు 11 గంటల పైచిలుకు, అతి పెద్ద పగలు 13 గంటల పైచిలుకు, తేడా రెండు గంటలే. ఇక్కడ మన ప్రాణం తీసేదీ పోసేదీ చీకటి కాదు, ఎండా వానా.

ఇంకో సంగతి చెప్తాను, దీన్ని నువ్వు తప్పకుండా రాయాలి. మన ఊరు కర్కటరేఖకి దక్షిణాన ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి, మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ పక్కకి పడదు. లండన్‌లో ఇది ఎప్పటికీ జరగదు, అందుకే వాళ్ల చక్రంలో దీనికి చోటు లేదు. నీ చక్రంలో ఉండాలి. ఆ కాసేపు డాబా మీద నిలబడి నీ నీడ నీ పాదాల కిందే ఆగిపోవడం చూస్తే, రిచువల్ ఏం చేయాలో ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు.

అసలు సూర్యుణ్ణి పట్టుకుని నడిచే చక్రమే కావాలంటే మన రైతుల దగ్గర 27 కార్తెలున్నాయి, ఒక్కోటీ 13, 14 రోజులు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అని మీ అమ్మమ్మ కూడా అనే ఉంటుంది. అది మే ఆఖరు. తర్వాత జూన్ 8 ప్రాంతంలో మృగశిర, ఆ రోజు రాంనగర్ చేపల మార్కెట్‌లో కాలు పెట్టే సందుండదు, ఊరంతా చేపలు వండుకుంటారు, మొదటి వానల కోసం ఆకాశం చూస్తారు. వంట, వాతావరణం, పొలం, ఒళ్లు అన్నీ ఒకే ముడిలో ఉన్న ఇలాంటి రోజుని బయటి చక్రంలో వెతుక్కోవాల్సిన పని లేదు. చనిపోయిన వాళ్లని తలుచుకోవడానికి సావిన్ కావాలన్నావు కదా, మీ అమ్మ వాళ్లది జనగామ వైపు అన్నావు, పెత్రమాస గురించి ఆవిణ్ణి అడుగు. పొద్దున పోయిన పెద్దల పేర్లు చెప్పి బియ్యం, కూరలు ఇచ్చే ఇళ్లలోనే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు. మరణానికీ పూలకీ ఒకటే అమావాస్య. గునుగు, తంగేడు అప్పుడే పూస్తాయి కాబట్టే ఆ పండుగ అప్పుడొస్తుంది. సావిన్ మానేయమని కాదు నేను చెప్పేది, చేసుకో, కానీ సీతాఫలం పెట్టి చేసుకో.

ఇంతా అయ్యాక నీ రూమ్మేట్ అడిగిన ప్రశ్న వస్తుంది, ఇదంతా మామూలు పూజే కదా, దానికి విచ్‌క్రాఫ్ట్ అని పేరెందుకని. మంచి ప్రశ్న, నీ పుస్తకంలో దాన్నుంచి తప్పించుకోకు. నా జవాబు ఇది. ఈ సాధనలో నీకూ నువ్వు మొక్కేదానికీ మధ్య ఇంకో మనిషి లేడు. నెలసరిలో ఉన్నావు, ఆ మూడు రోజులు దూరంగా కూర్చో అనేవాళ్లు లేరు. ఏ కులం, ఎవరి భార్య అని అడిగేవాళ్లు లేరు. ఏం చేయాలో నువ్వే తేల్చుకుంటావు, దాని ఫలితానికీ నువ్వే జవాబుదారీ. ఆ స్వేచ్ఛ ఎంతమంది ఆడపిల్లలకి ఊపిరి పోస్తుందో నాకు తెలుసు, అందుకే నీ వెనక నిలబడుతున్నాను.

ముగ్గురుండే గదిలో కొవ్వొత్తి వెలిగిస్తే వార్డెన్ ఊరుకోదని బాధపడ్డావు. మంట లేకపోతే సాధన ఆగదు. తెల్లారగానే స్టీలు గ్లాసులో నీళ్లు కిటికీలో పెట్టి, వెలుతురు పడ్డాక ఆ రోజుకి నీ ఉద్దేశం ఒక్క వాక్యంలో పైకి చెప్పి తాగు. చంద్రుణ్ణి రోజూ చూడు, దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా లేస్తుంటాడు, పౌర్ణమి ఎప్పుడో గోడ క్యాలెండర్‌లోనే ఉంటుంది, యాప్ అక్కర్లేదు. భూమిని తాకాలంటే నీ హాస్టల్ దగ్గర్లోనే దుర్గం చెరువు ఉంది, ఆ గట్టున మిగిలిన బండల మీద చెయ్యి పెట్టి కూర్చో, ఈ ఊరి గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది, ఎక్కడో గనుల్లో ఎవరి చేత తవ్వించారో తెలియని క్రిస్టల్ కంటే అది నీకు దగ్గరి చుట్టం. ఏ దిక్కు నీటిది, ఏ దిక్కు నిప్పుది అన్న సంగతి కూడా పుస్తకంలో ఉంది కదా అని పెట్టుకోకు, జూన్‌లో వాన ఏ వైపు నుంచి కమ్ముకొస్తుందో ఒక సీజన్ గమనించి నీ నీటి దిక్కు నువ్వే నిర్ణయించుకో. పొగ వేయడానికి అమెరికా ఆదివాసులు పవిత్రంగా చూసుకునే వైట్ సేజ్ ఆకుల కట్టలు ఇక్కడికి తెప్పించుకోవాల్సిన అవసరం ఏముంది, ఇంటికెళ్లినప్పుడు సాంబ్రాణి ఉంది, పాతబస్తీలో లోబాన్ ఉంది. పొగ వేసేటప్పుడు కిటికీలు తెరువు.

సాధన రాసుకోవడానికి బుక్ ఆఫ్ షాడోస్ అని నల్ల అట్ట పుస్తకం కొన్నావని రాశావు. బాగుంది, కానీ అందులో ముత్యాల్లాంటి అక్షరాలతో మంత్రాలు ఎక్కించడం ఆపు. లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకో. తేదీ, తిథి, కార్తె, ఆకాశం ఎలా ఉంది, రాత్రి నిద్ర పట్టిందా లేదా, ఏం చేశావు, ఏం కోరుకున్నావు, ఇవి ఎడమ పేజీలో. కుడి పేజీ ఖాళీగా వదిలేయి, కొన్ని నెలల తర్వాత ఏం జరిగిందో అక్కడ రాయి. ఇంటర్వ్యూకి ముందు స్పెల్ చేశాను, ఉద్యోగం వచ్చింది అని నీ మూడో పేజీలో ఉంది. సరే, చేసినా రానివి ఎక్కడ? చెయ్యకపోయినా వచ్చినవి ఎక్కడ? అవి లేకపోతే పాఠకుడు నిన్ను నమ్మడు, నమ్మకూడదు కూడా. నా మటుకు నాకు స్పెల్ అంటే కోరికని స్పష్టంగా పలకడం, చేతులతో దానికి ఒక పని చేయించడం, మర్నాడు లేచి ఆ వైపు నడవడం. మూడోది లేకుండా మొదటి రెండూ ఎంత అందంగా చేసినా కుడి పేజీ ఖాళీగానే ఉండిపోతుంది.

చరిత్ర రాసేటప్పుడు జాగ్రత్త. ఇప్పటి విచ్‌క్రాఫ్ట్ మతమైన విక్కా వేల ఏళ్లుగా రహస్యంగా బతికొచ్చింది అని రాశావు. ఆ ఊహని బాగా ప్రచారంలోకి తెచ్చింది 1921లో మార్గరెట్ మరే అనే బ్రిటిష్ పరిశోధకురాలు, తర్వాతి చరిత్రకారులు దాన్ని ఒప్పుకోలేదు. మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరైన జెరాల్డ్ గార్డ్నర్, ఇంగ్లండ్‌లో పాత విచ్‌క్రాఫ్ట్ చట్టం 1951లో రద్దయ్యాక, 1954లో దీని గురించి బయటికి రాశాడు, అతని శిష్యురాలు డోరీన్ వాలియెంటే దాని ప్రార్థనల్ని తిరగరాసి ప్రాణం పోసింది. డెబ్బై, ఎనభై ఏళ్ల మతం, అంతే. కొత్తదైతే చిన్నతనం ఏముంది? అలాగే యూరప్‌లో 90 లక్షల మందిని మంత్రగత్తెలని చంపారన్న లెక్క కొట్టెయ్, చరిత్రకారులు తేల్చింది 40 నుంచి 50 వేలు. అదే చాలు గుండె ఆగడానికి.

ఆ చావుల గురించి రెండు పేజీలు రాసి, మన పక్క జిల్లాల గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు నువ్వు. ఇది నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది. బాణామతి చేస్తున్నారని అనుమానం వస్తే తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని చెట్టుకి కట్టేసి కొట్టారు, పళ్లు ఊడగొట్టారు, తగలబెట్టారు. వెనక చూస్తే తరచుగా ఒక భూమి తగాదా, ఒంటరి ఆడమనిషి, కారణం తెలియని జ్వరంతో పోయిన పిల్లాడు కనిపిస్తారు. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో ఈ హింస మీద చట్టాలు తెచ్చాయి. మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద చట్టం కోసం ఏళ్ల తరబడి పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపాక గానీ ఆర్డినెన్స్ రాలేదు. మాదాపూర్‌లో నేను విచ్‌ని అని నువ్వు గర్వంగా చెప్పుకోగలవు, ఆ పల్లెలో అదే మాట ఇంకొకరు తన మీద వేస్తే ఆమెకి రాత్రికి ఇల్లుండదు. నువ్వు ఆమె పక్షాన ఉన్నావని నీ పుస్తకంలో ప్రతి అధ్యాయం నుంచీ తెలియాలి.

బోనాల గురించి రాసిన భాగం కూడా తిరిగి చూడు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే రంగం చూసి ఒళ్లు పులకరించిందన్నావు, నాకూ పులకరిస్తుంది. కానీ దాన్ని నీ గదిలో అనుకరించకు, అది ఆ సమూహంది, అక్కడికెళ్లి నిలబడి విను, చాలు. అమ్మవారి పేరు మీద దళిత ఆడపిల్లల్ని జోగినులుగా విడిచిన చరిత్ర కూడా ఈ నేలదే, దాన్ని ఆపడానికి 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. అమ్మతల్లిని పొగిడే రచయిత ఆ పిల్లల గురించి మాట్లాడకుండా దాటిపోకూడదు.

హాని చేయనంతవరకు నీ ఇష్టం అనే విక్కా సూత్రాన్ని ఒట్టి మాటగా ఉంచకు. ఒక మనిషి మనసు తిప్పే ప్రేమ స్పెల్స్ వద్దు, అతనికి తెలియకుండా అతని మీద చేసే పని అది. ఉమ్మెత్త, గన్నేరు, గురివింద గింజలు విషం, వాటిని టీలోకీ స్నానపు నీళ్లలోకీ రానివ్వకు, ఎవరి వీడియోలో చూసినా సరే. ఉప్పు కలిపిన నీళ్లు మొక్కల్లో పోస్తే చచ్చిపోతాయి. డాక్టర్ రాసిన మందులు ఏ అమావాస్యకీ ఆపకు. దీక్ష ఇస్తాం, దోషం ఉంది, ఇంత కట్టు అన్నా, ఇది ఇంట్లో చెప్పకు అన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయి. గార్డ్నర్ దారిలో దీక్షలు, కోవెన్లు అనే చిన్న సాధన బృందాలు ఉన్నమాట నిజమే, కానీ ఒంటరిగా చేసుకునే వాళ్ల కోసం స్కాట్ కన్నింగ్‌హామ్ 1988లోనే రాశాడు, అప్పటి నుంచి ఒంటరి సాధనని ఎవరూ తక్కువగా చూడాల్సిన పని లేదు.

చివర్లో అడిగావు, సొంత పేరుతో వేసుకోవాలా కలం పేరు పెట్టుకోవాలా అని. హాస్టల్లో ఉంటున్నావు, ఉద్యోగం కొత్త, రేపు ఇల్లు అద్దెకి వెతుక్కోవాలి, ఇప్పటికి కలం పేరే మంచిది, అందులో పిరికితనం ఏమీ లేదు. కానీ మీ అమ్మకి మాత్రం బయటివాళ్ల నుంచి తెలియనివ్వకు. పెత్రమాస గురించి అడగడానికి ఎలాగూ ఫోన్ చేస్తావు కదా, ఈసారి జనగామ వెళ్లినప్పుడు మొదటి అధ్యాయం ఆవిడకి చదివి వినిపించు. ఎక్కడ ఆపి ఏం అడిగిందో అక్కడే మార్జిన్‌లో రాసుకో, ఆ కాగితాలు శుభ్రంగా తిరగరాయకుండా అలాగే నాకు పంపు.

ప్రేమతో,
అక్క