సిస్టర్‌ని అడగండి: 20 గీత అంటే 20 యూనిట్లేనా?

ప్రశ్న: మా అత్తగారికి 68 ఏళ్లు. సీసాలో వచ్చే 30/70 ఇన్సులిన్ పొద్దున 20 యూనిట్లు రాశారు. నెల క్రితం సిరంజిలు అయిపోతే మావారు వేరే షాపులో కొత్తవి తెచ్చారు. అప్పట్నుంచి షుగర్ 300 దిగట్లేదు. డాక్టర్ గారు 28కి పెంచారు, అయినా తేడా లేదు. ఇన్సులిన్ పాడైపోయిందంటారా? – ఒక కోడలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు లేచి వెళ్లి ఆ సీసా, సిరంజి రెండూ చేతిలో పెట్టుకుని ఇది చదవండి. సీసా మీద 40 ఐయూ అని, సిరంజి మీద 100 అని ఉంటే మీ కష్టమంతా అక్కడే ఉంది. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ చాలావరకు ఒక ఎమ్మెల్‌కి 40 యూనిట్లది, దానికి 40 సిరంజే వాడాలి. 100 సిరంజిలో 20 గీత దాకా లాగితే సిరంజిలోకి వచ్చేది 0.2 ఎమ్మెల్, అంటే 8 యూనిట్లు! 28 గీత దాకా లాగినా 11 యూనిట్లే. పాపం ఆవిడ నెల రోజులుగా సగం కూడా పడని ఇన్సులిన్‌తో నెట్టుకొస్తున్నట్టు లెక్క.

అయితే నాకు ఇంకా ఎక్కువ భయం వేసేది దీని తర్వాతి మెట్టు గురించి. ఇది చదివి మీరు రేపు పొద్దున్నే 40 సిరంజి తెచ్చి 28 గీత దాకా ఎక్కించారనుకోండి, నిన్నటిదాకా 11 పడిన ఒంట్లో ఒక్కసారిగా 28 పడతాయి. షుగర్ ఎంత కిందికి జారుతుందో చెప్పలేం. కాబట్టి సిరంజి మార్చే ముందు, ఇవాళే, డాక్టర్ గారికి ఫోన్ చేసి ‘ఇన్ని రోజులు 100 సిరంజితో 40 సీసా వాడాం, మీరు 28కి పెంచింది కూడా దాంతోనే’ అని ఇదే మాట చెప్పండి. ఎన్ని యూనిట్ల నుంచి మళ్లీ మొదలుపెట్టాలో ఆయన చెప్తారు. ‘తిడతారేమో’ అని దాచొద్దమ్మా, ఈ పొరపాటు చదువుకున్న ఇళ్లలోనూ జరుగుతుంది. మామూలుగా 40 సిరంజికి ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత ఉంటుంది గానీ, మూత రంగును నమ్ముకోకుండా గొట్టం మీద అచ్చు వేసిన అంకె చూడండి. దీనికి తిరగేసిన పొరపాటు ఇంకా ప్రమాదం. ఇన్సులిన్ పెన్నులో వాడే 100 కార్ట్‌రిడ్జ్ నుంచి 40 సిరంజితో 20 గీత లాగితే ఏకంగా 50 యూనిట్లు వెళ్లిపోతాయి. పెన్ను పాడైందని ఎవరూ ఆ పని చేయొద్దు.

పనిలో పనిగా ఇంకో రెండు విషయాలు. 30/70 ఇన్సులిన్ కదలకుండా ఉంచితే అడుగున తెల్లగా పేరుకుంటుంది. సీసాని గట్టిగా కుదపకుండా రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా ఓ పదిసార్లు దొర్లిస్తే అంతా ఒకేలా పాలలా అవుతుంది, అప్పుడే లాగండి. రెండోది, ఆవిడ పొట్ట మీద రోజూ సూది వేసే చోట బొటనవేలితో నెమ్మదిగా నొక్కి చూడండి. చర్మం కింద రబ్బరు ముక్కలా గట్టిగా తగిలితే అక్కడ వేసిన ఇన్సులిన్ సరిగ్గా ఒంటికి పట్టదు. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి వాళ్లే ‘ఇక్కడే వెయ్యమ్మా’ అంటారు, వినొద్దు. నాభికి రెండు వేళ్ల దూరం వదిలి రోజూ చోటు మార్చండి. ఆ గట్టిచోటు వదిలి మంచి చోట వేయడం మొదలుపెట్టాక కూడా షుగర్ మరీ కిందికి జారొచ్చు, కాబట్టి ఇదీ డాక్టర్ గారికి చెప్పాల్సిందే.

చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే షుగర్ పడిపోయిందేమో మీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువుంటే, లేదా చూడ్డానికి మీటర్ దగ్గర లేకపోతే, మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహలో లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: గుండె వాల్వ్ మార్చారు, రోజూ ఏసిట్రామ్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) వేసుకుంటున్నాను. ఆకుకూర ముట్టుకోవద్దని ఒకరు, ఆషాఢంలో మునగాకు తినాల్సిందేనని మా అమ్మ. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇద్దరి మాటా పూర్తిగా వినకండి. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మందు పనికి ఎదురు తిరుగుతుంది, అది నిజమే. కానీ మీ డోసు కుదిర్చింది మీరు మామూలుగా తినే తిండితో కదా. వారానికి రెండుసార్లు తోటకూరో పాలకూరో తినే అలవాటుంటే అలాగే తినండి. అసలు మానేస్తే ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పల్చగా ఉందో చూపే పరీక్ష అంకె) పైకి వెళ్లి రక్తస్రావం కావొచ్చు. ఆషాఢం వచ్చిందని వారం రోజులు మునగాకు పప్పు, మునగాకు వేపుడు అంటూ లాగిస్తే ఐఎన్‌ఆర్ పడిపోయి వాల్వ్ మీద రక్తం గడ్డకట్టొచ్చు. అమ్మగారి మనసు కష్టపెట్టకుండా, ఆ వారం తినే తోటకూర బదులు అంతే కొలతలో మునగాకు తినండి.

మీరు అడగలేదు గానీ, ఆకుకూర కన్నా నన్ను టెన్షన్ పెట్టేది నొప్పి మాత్రలు. మోకాలు నొప్పి అని షాపులో డైక్లోఫెనాక్ లాంటివి అడిగి వేసుకోవద్దు, ఊళ్లో ఎవరి దగ్గరా తుంటికి ఇంజక్షన్ వేయించుకోవద్దు, ఈ మందు వాడేవాళ్లకి కండలో సూది దిగితే లోపల రక్తం చేరి గడ్డలా వాచిపోతుంది. పన్ను పీకించుకోవాలన్నా, ఏ జబ్బుకైనా కొత్త మందు రాసినా, ‘నేను ఏసిట్రామ్ వాడుతున్నాను’ అన్నది మీ నోటి నుంచి మొదటి మాటగా రావాలి. డోసు మర్చిపోతే అదే రోజు గుర్తొస్తే వేసుకోండి, మర్నాటికి గానీ గుర్తు రాకపోతే రెండూ కలిపి వేసుకోవద్దు, ఐఎన్‌ఆర్ పుస్తకంలో రాసి పెట్టుకోండి. విరేచనం తారులా నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా, బయటికి ఏమీ కనపడకపోయినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: థైరాయిడ్ మాత్ర కాఫీతో వేసుకోవచ్చా? బీపీకి అమ్లోడిపిన్ మొదలుపెట్టాక కాళ్లు వాస్తున్నాయి, ఆపేయనా? – ఒక గృహిణి, అనంతపురం

జవాబు: కాఫీతో వద్దు. లేవగానే మంచినీళ్లతో మాత్ర వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగండి. ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. అమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది, డాక్టర్ గారికి చెప్తే డోసో మందో మారుస్తారు. మీ అంతట మీరు ఆపొద్దు. వాపుతో పాటు ఆయాసం కూడా ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి, అది వేరే సంగతి.

ప్రశ్న: నేను జీఎన్ఎం నర్సింగ్ కోర్సు రెండో ఏడాది. పేషెంట్ బాత్రూంలో ఉంటే మాత్రలు బల్ల మీద పెట్టి చార్ట్‌లో సంతకం చేశానని ఇన్‌ఛార్జ్ సిస్టర్ అందరి ముందూ కోప్పడ్డారు. 30 మంది పేషెంట్లు, ఎవరి దగ్గరని నిలబడను? – ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: అందరి ముందూ అనడం బాగాలేదు, నీకు బాధ కలిగిందంటే నాకు అర్థమైంది తల్లీ. కానీ ఆవిడ చెప్పింది నిజం. మాత్ర మింగడం చూశాకే సంతకం. అప్పటిదాకా అది ఇచ్చినట్టు కాదు. బాత్రూంలో ఉంటే మాత్రలు వెనక్కి తెచ్చి, మళ్లీ వెళ్లు. డిజాక్సిన్ లాంటి గుండె మందైతే మాత్ర చేతిలో పెట్టే ముందు ఛాతీ మీద స్టెత్ పెట్టి పూర్తి నిమిషం కొట్టుకోవడం లెక్కపెట్టాలి, పెద్దవాళ్లలో 60 కన్నా తక్కువుంటే ఇవ్వకుండా డాక్టర్‌కి చెప్పాలి. వికారం, కళ్లకి అంతా పసుపుపచ్చగా కనిపించడం ఉన్నాయేమో అడగాలి, రిపోర్టులో పొటాషియం తగ్గిందేమో కూడా చూసుకోవాలి. బల్ల మీద పెట్టి వస్తే ఇవన్నీ ఎవరు చూస్తారు?

నేను కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో ఒక ముసలాయన గుండె జబ్బుతో మా వార్డులో ఉండేవారు. రోజూ లాసిక్స్ (ఒంట్లో నీరు మూత్రంగా తీసేసే మాత్ర) ఇస్తున్నాం, చార్ట్ నిండా సంతకాలు, కాళ్ల వాపు మాత్రం తగ్గదు. డాక్టర్ డోసు పెంచుదామనుకుంటున్నారు. ఒక పొద్దున దుప్పటి మారుస్తూ దిండు ఎత్తితే కింద నాలుగు తెల్ల మాత్రలు, చెమటకి కొంచెం కరిగి గుడ్డకి అతుక్కుని ఉన్నాయి. అందులో రెండింటికి సంతకం నాదే. ‘ఎందుకు తాతయ్యా’ అంటే తల వంచుకుని, ‘రాత్రి మాత్ర వేసుకుంటే నాలుగుసార్లు లేవాలమ్మా, బాత్రూం ఆ చివర, నా దగ్గర ఎవరూ లేరు, పడిపోతానని భయం’ అన్నారు. ఆ సంగతి డాక్టర్ గారికి చెప్పి రెండో డోసు రాత్రి నుంచి సాయంత్రం 4 గంటలకి మార్పించాం, మంచం బాత్రూం పక్కకి జరిపాం, పక్కనే నిలబడి మింగించాం. డోసు పెంచకుండానే వాపు దిగింది.