స్టెన్ మ్యాగజీన్‌ను నిండా ఎందుకు నింపేవారు కాదు, దానిని ఎలా మోసేవారు?

రెండో ప్రపంచ యుద్ధంలో స్టెన్ గన్ (పిస్తోలు తూటాలను వరుసగా కాల్చే బ్రిటిష్ వారి తేలికైన సబ్ మెషిన్ గన్) పట్టిన సైనికులు 32 తూటాలు పట్టే మ్యాగజీన్‌లో 28 లేదా 30 మాత్రమే ఎందుకు నింపేవారు, స్ప్రింగ్ బలహీనపడుతుందన్న భయంతోనేనా, ఆ మ్యాగజీన్లను ఒంటి మీద దేనిలో పెట్టుకొని మోసేవారు అన్నవి మీ ప్రశ్నలు. నేను పదాతిదళంలో 22 ఏళ్లు పనిచేశాను. అందులో ఆరేళ్లు కోత్‌లో గడిచాయి. కోత్ అంటే పటాలంలో ఆయుధాలు భద్రపరిచే గది. నా చేతిలో ఎక్కువ కాలం ఉన్నది 9 ఎంఎం కార్బైన్ 1ఎ1. బ్రిటిష్ వారి స్టెర్లింగ్‌ను మన కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారుచేస్తే దానికి వచ్చిన పేరు అది. స్టెన్‌ను మాత్రం ప్రదర్శనకు ఉంచిన పాత ఆయుధంగా విప్పి చూశానే తప్ప కాల్చలేదు. కాబట్టి కార్బైన్ గురించి నేను చెప్పేది అనుభవం, మిగిలినవాటి గురించి చెప్పేది చదువుకొన్నది అని ముందే మనవి చేస్తున్నాను.

స్ప్రింగ్ సంగతి సగమే నిజం. అసలు చిక్కు మ్యాగజీన్ మూతి దగ్గర ఉంది. స్టెన్ మ్యాగజీన్‌లో తూటాలు రెండు వరుసలుగా, ఒకదాని సందులో ఒకటి ఒదిగి పైకి వస్తాయి. మూతిని సమీపించేసరికి ఆ రెండు వరుసలూ ఒకే దారిలోకి చేరాలి. రెండు వరుసల్లో వస్తున్న ఎడ్లబళ్లు ఒక్క బండి పట్టే వంతెన మీదికి ఎక్కవలసి వస్తే ఏమవుతుందో అక్కడా అదే అవుతుంది. తూటాలు ఒకదానినొకటి, పక్కనున్న రేకు గోడలనూ ఒరుసుకుంటాయి. మ్యాగజీన్ ఎంత నిండితే కింద స్ప్రింగ్ అంత గట్టిగా నెడుతుంది, అంత గట్టిగానూ ఒరుసుకుంటాయి. ఆ ఇరుకులోకి కాస్త ఇసుకో, దుమ్ము పట్టి జిడ్డుగా మారిన నూనో చేరితే తూటా సమయానికి పైకి రాదు, లేదా వంకరగా వచ్చి ఛాంబర్ (తూటా కూర్చొని పేలే గూడు) అంచుకు తగిలి ఆగిపోతుంది. రెండు మూడు తూటాలు తగ్గించి నింపితే మొదటి తూటాల మీద ఒత్తిడి తగ్గుతుంది. అంతకు మించిన రహస్యం అందులో లేదు. ఈ ఒకే దారి ఏర్పాటు స్టెన్‌కు మాత్రమే పరిమితం కాదు. జర్మన్ల సబ్ మెషిన్ గన్ ఎంపీ 40లోనూ, అమెరికన్ల ఎం3లోనూ ఇదే ఉంది, ఇవే తిప్పలు తెచ్చింది.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిచేయాలి. బోల్ట్ (తూటాను ఛాంబర్‌లోకి తోసే ఇనుప దిమ్మ) మూసి ఉండగా నిండు మ్యాగజీన్ సరిగా కూర్చోదు కాబట్టి తగ్గించి నింపేవారని కొందరు రాస్తుంటారు. అది బోల్ట్ మూసుకొని కాల్చే రైఫిళ్లకు వర్తించే మాట. స్టెన్, స్టెర్లింగ్ వంటివి బోల్ట్ వెనక్కి లాగి నిలిపిన స్థితి నుంచి కాలుస్తాయి, కాబట్టి మ్యాగజీన్ పెట్టేటప్పుడు పై తూటాకు బోల్ట్ అడ్డు రాదు. ట్రిగ్గర్ నొక్కగానే బోల్ట్ ముందుకు దూసుకువస్తూ పై తూటాను మూతిలోంచి లాక్కుపోవాలి. ఇబ్బంది ఆ లాగుడులో వస్తుంది.

ఇదే నిర్మాణం వల్ల మరో ప్రమాదం కూడా ఉంది. మ్యాగజీన్ పెట్టి, బోల్ట్ ముందుకు ఉన్న స్టెన్ చేతిలోంచి జారి, దాని మడమ (భుజానికి ఆనించే వెనుక భాగం) నేలకు తగిలేలా పడితే, ఆ కుదుపుకు బోల్ట్ వెనక్కి జరిగి, తిరిగి వస్తూ ఒక తూటాను ఎక్కించి పేల్చేయగలదు. వాహనాల్లో కూర్చునేటప్పుడు కార్బైన్‌లో మ్యాగజీన్ పెట్టవద్దని మా ఉస్తాద్, అంటే శిక్షకుడు, గద్దించి మరీ చెప్పేవాడు. అంటే మ్యాగజీన్ ఎక్కువ సమయం ఉండే చోటు తుపాకీ కాదు, పౌచ్, అంటే ఒంటికి కట్టుకునే మ్యాగజీన్ సంచి. అందుకే మీ మొదటి ప్రశ్నకు సమాధానం రెండో ప్రశ్నతో ముడిపడి ఉంది. మూతి అంచులను, అంటే మేము లిప్స్ అని పిలిచే ఆ రెండు రేకు మడతలను, వంగకుండా, మట్టి చేరకుండా కాపాడేది పౌచే.

స్టెన్‌కు ముందు బ్రిటిష్ సైన్యం, దానితోపాటు భారత సైన్యం, అమెరికా నుంచి వచ్చిన థాంప్సన్ సబ్ మెషిన్ గన్‌ను వాడాయి. 1940 జులై 31న హార్టిల్‌పూల్ దగ్గర చర్చిల్ నోట్లో చుట్టతో, చేతిలో థాంప్సన్‌తో దిగిన ఫోటో మీరు చూసే ఉంటారు. దానికి ఉన్నది గుండ్రని డ్రమ్. ఫోటోకు అది ఎంత బాగుందో పొదల్లో అంత పనికిమాలినది. బరువు, పైగా నడుస్తుంటే లోపలి తూటాలు గలగలమంటాయి. అందుకే 20 తూటాల పెట్టె మ్యాగజీన్ వైపు మళ్లారు, తర్వాత 30 తూటాలది కూడా వచ్చింది. ఆపై వచ్చిన ఎం1 నమూనాకు డ్రమ్ అసలు పట్టదు. థాంప్సన్ పెట్టె మ్యాగజీన్‌లో తూటాలు మూతి దగ్గర కూడా రెండు వరుసల్లోనే ఉండి, ఎడమ కుడి మార్చి మార్చి వస్తాయి. అందువల్ల ఒరిపిడి తక్కువ, బొటనవేలితోనే నింపవచ్చు. స్టెన్ మ్యాగజీన్‌ను వేలితో నింపడం మొదటి పది వరకు బాగానే సాగుతుంది, ఆ తర్వాత గోరు చిట్లుతుంది. అందుకే మూతికి తొడిగి, పిడిని నొక్కుతూ తూటాలు దించే ఫిల్లర్ అనే పనిముట్టును తుపాకీతోపాటు ఇచ్చేవారు. అది పోగొట్టుకున్నవాడి గతి ఊహించుకోండి.

ఇక మోసే సంగతికి వస్తాను. బ్రిటిష్, భారత సైనికులు ధరించిన 1937 నమూనా వెబ్ సామగ్రిలో (నూలు పట్టీలతో నేసిన బెల్టులు, సంచుల జత) ఛాతీకి కాస్త దిగువన రెండు పెద్ద పౌచ్‌లు ఉండేవి. వాటి కొలతను బ్రెన్ మెషిన్ గన్ మ్యాగజీన్‌ను దృష్టిలో పెట్టుకొని నిర్ణయించారు. అప్పటికి స్టెన్ పుట్టనే లేదు. 1941లో స్టెన్ వచ్చాక చూస్తే దాని నిటారు మ్యాగజీన్ ఆ పౌచ్‌కు పొడవైంది, మూత సరిగా పడదు. తర్వాత తయారైన మార్క్ 3 పౌచ్‌కు లోతు పెంచారు. గాలిలోంచి దిగే పారాట్రూపర్లకు ఇవి చాలక, ఏడు మ్యాగజీన్లు ఏడు అరల్లో పట్టే కాన్వాస్ బాండోలియర్‌ను భుజం మీదుగా అడ్డంగా వేసుకునే ఏర్పాటు చేశారు. నిండిన స్టెన్ మ్యాగజీన్ ఒక్కొక్కటి అర కిలోకు పైగా తూగుతుంది. అంటే బాండోలియర్ బరువు నాలుగు కిలోలు దాటుతుంది. స్టెన్ మార్క్ 2 తుపాకీ బరువు సుమారు మూడు కిలోలే. ఆయుధం కంటే దాని మేత బరువు ఎక్కువన్న మాట.

నేను చేరినప్పుడు కూడా మాకు ఆ పాత తీరు నూలు వెబ్బింగే ఇచ్చారు. ఈశాన్యంలో ఒక వర్షాకాలమంతా దానితో తిరిగాను. నూలు పట్టీ తడిస్తే ముడుచుకుంటుంది, ఆరితే చెక్కలా బిగుస్తుంది. ఒకసారి వారం రోజుల గస్తీ తర్వాత మ్యాగజీన్ తీయబోతే పౌచ్ నోరు తెరుచుకుంది గాని మ్యాగజీన్ కదలలేదు. రెండో చేత్తో పౌచ్ అడుగు పట్టి లాగితే గాని బయటికి రాలేదు. ఆ రోజు కాల్పులు లేవు కాబట్టి నవ్వుకున్నాం. మరునాడు నేను రెండు పనులు చేశాను. పౌచ్‌లో మిగిలిన ఖాళీలో పెట్టిన చిందిని, అంటే తుపాకీ తుడిచే గుడ్డను, తీసి పారేశాను. చప్పుడు రాకూడదని పెట్టిన ఆ గుడ్డే నీటిని పీల్చి ఉబ్బి మ్యాగజీన్‌ను బిగించేసింది. రెండోది, ఉస్తాద్ చెప్పినా బద్ధకించిన పని: మ్యాగజీన్లన్నీ మూతి కిందికి ఉండేలా తిప్పి పెట్టాను. అలా పెడితే వాన, దుమ్ము నేరుగా మూతిలో పడవు, తీసేటప్పుడు చేతికి మ్యాగజీన్ అడుగు దొరుకుతుంది, చీకట్లో కూడా తిరగేయకుండా తుపాకీలో పెట్టవచ్చు.

జర్మన్ల పద్ధతి నాకు అన్నిటికంటే శ్రద్ధగా ఆలోచించినదిగా కనిపిస్తుంది. ఎంపీ 40 వాడేవాడి బెల్టుకు రెండు వైపులా మూడేసి అరల కాన్వాస్ పౌచ్ జత. ఒక్కో అరలో ఒక్కో మ్యాగజీన్, ఒక్కో అరకు విడిగా మూత. మొత్తం ఆరు మ్యాగజీన్లు, 192 తూటాలు. జతలో ఒక పౌచ్ పక్కన ఫిల్లర్ కోసం చిన్న జేబు కుట్టారు. స్టెన్ వాడేవాడు జేబులో వేసుకొని పారేసుకున్న వస్తువుకు వీళ్లు స్థానం కల్పించారు. అయితే ఇంత చేసినా మ్యాగజీన్‌ను పిడిలా పట్టుకొని కాల్చే అలవాటును మాత్రం మాన్పించలేకపోయారు. అలా పట్టి కిందికి లాగితే మ్యాగజీన్ తన గూటిలో కదిలి, మూతి కోణం మారి, తూటా అడ్డం పడుతుంది. స్టెన్‌కూ ఇదే వర్తిస్తుంది. పక్కకు పొడుచుకువచ్చిన ఆ మ్యాగజీన్ చేతికి ఎంతో అనుకూలంగా కనిపిస్తుంది కాబట్టి ఈ తప్పు సహజం. మా కార్బైన్ శిక్షణలో ఎడమ చెయ్యి బారెల్ చుట్టూ ఉన్న రంధ్రాల తొడుగు మీదే ఉండాలి. మ్యాగజీన్ మీదికి పోయిన ప్రతిసారీ వేళ్ల మీద దెబ్బ పడేది.

సోవియట్ సైన్యం తన సబ్ మెషిన్ గన్ పీపీఎస్‌హెచ్ 41ను ఫిన్లాండ్ తుపాకీ సుయోమి ప్రేరణతో వచ్చిన 71 తూటాల డ్రమ్‌తో మొదలుపెట్టింది. దానిని నింపాలంటే మూత తీసి, స్ప్రింగ్‌ను తిప్పి, చుట్టలు తిరిగిన కాలువలో తూటాలను ఒక్కొక్కటిగా నిలబెట్టి, మళ్లీ మూత బిగించాలి. గడ్డకట్టే చలిలో చేతి తొడుగులు తీసి ఈ పని చేయడం ఎలా ఉంటుందో సియాచిన్ వెళ్లివచ్చినవారెవరినైనా అడగండి. పైగా డ్రమ్‌ను ఆ తుపాకీకే సరిచూసి అమర్చేవారు. పక్కవాడి డ్రమ్ మన తుపాకీలో కూర్చుంటుందన్న నమ్మకం లేదు. 1942లో 35 తూటాల వంపు మ్యాగజీన్ వచ్చింది. మొదట దానిని అర మిల్లీమీటరు రేకుతో చేస్తే సొట్టలు పడి మొరాయించింది, తర్వాత రేకు మందాన్ని ఒక మిల్లీమీటరుకు పెంచారు. డ్రమ్‌కు బెల్టుకు వేలాడే గుండ్రని గుడ్డ సంచి, వంపు మ్యాగజీన్లకు మూడు అరల పౌచ్ ఉండేవి. డ్రమ్ ఎక్కువ తూటాలు ఇస్తుంది నిజమే, కాని నేలమీద పాకేవాడి నడుముకు రొట్టెల పెనం కట్టినట్టు ఉంటుంది. జర్మన్లు తమకు చిక్కిన పీపీఎస్‌హెచ్‌లలో కొన్నిటికి బారెల్ మార్చి ఎంపీ 40 మ్యాగజీన్ పట్టేలా చేసుకోవడం ఈ కథలో చిన్న చమత్కారం.

ఆస్ట్రేలియన్ల సబ్ మెషిన్ గన్ ఓవెన్ గురించి ఒక్క మాట. దాని మ్యాగజీన్ పైన నిటారుగా నిలబడుతుంది, ఖాళీ గుల్లలు కిందికి రాలుతాయి, వాటితోపాటే చెత్త కూడా. గుల్లను బయటికి తన్నే ఎజెక్టర్ ముక్కను మ్యాగజీన్ వెనుక అంచుకే అమర్చారు. చూడటానికి వికారంగా ఉన్నా న్యూగినీ బురదలో దాన్ని పట్టినవారు వేరేది అడగలేదు.

స్టెన్ పాఠాలన్నీ నేర్చుకొని పుట్టినది స్టెర్లింగ్ మ్యాగజీన్. దాన్ని రూపొందించిన జార్జ్ ప్యాచెట్ రెండు మార్పులు చేశాడు. 9 ఎంఎం గుల్ల అడుగు నుంచి మూతికి కాస్త సన్నబడుతుంది. అలాంటివాటిని పేరిస్తే అవి సహజంగానే వంపు తిరుగుతాయి, కాబట్టి మ్యాగజీన్‌కు ఆ వంపే ఇచ్చాడు. తూటాలను కింది నుంచి నెట్టే పలక స్థానంలో దొర్లే రెండు రోలర్లను పెట్టాడు. 34 తూటాలు పట్టే ఆ మ్యాగజీన్‌ను విప్పి, రోలర్‌ను వేలితో తిప్పి చూసిన మొదటి రోజే దాని మీద నాకు గౌరవం కలిగింది. అయినా మేము 30 దాటి నింపేవాళ్లం కాదు. అది అవసరం కన్నా అలవాటు అని ఇప్పుడు అనుకుంటాను.

కోత్‌లో ఉండగా రేంజ్ నుంచి ఒక కార్బైన్ పదేపదే ఆగిపోతోందన్న ఫిర్యాదుతో తిరిగి వచ్చింది. ఛాంబర్ చూశాను, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ గుల్లను లాగే కొక్కెం) చూశాను, రిటర్న్ స్ప్రింగ్ మార్చాను. మూడోసారి కూడా తిరిగి వచ్చాక, తుపాకీని పక్కన పెట్టి దానితో వచ్చిన మ్యాగజీన్‌ను కిటికీ వెలుగులో మూతి నుంచి చూశాను. ఒక లిప్ రెండోదాని కన్నా గోటి మందమంత పైకి లేచి ఉంది. ఎవరో ఖాళీ మ్యాగజీన్‌ను సిమెంటు నేల మీద పడేసి ఉంటారు. దాని అడుగున తెల్లరంగుతో అడ్డగీత గీసి వేరుగా పెట్టాను, కార్బైన్ మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఏ ఆయుధం ఫిర్యాదుతో వచ్చినా ముందు మ్యాగజీన్ తెమ్మనడం నాకు అలవాటైంది.

మ్యాగజీన్లను తలకిందులుగా జతచేసి టేపుతో చుట్టే పద్ధతిని సినిమాల్లో చూసి కొందరు మెచ్చుకుంటారు. కొన్ని సైన్యాల్లో అలా చేసినవారు ఉన్నారు. కాని ఒకటి కాలుస్తుండగా రెండోదాని మూతి నేల వైపు తెరిచి ఉంటుంది. పడుకున్నామంటే అది మట్టిని గరిటెలా తోడుకుంటుంది. నా చేతి కింద పనిచేసిన ఎవరినీ నేను అలా చేయనివ్వలేదు.

ఇక ఎన్ని మోయాలి అన్నది. నిమిషానికి సుమారు 550 తూటాల వేగంతో స్టెన్ మ్యాగజీన్ నాలుగు సెకన్ల లోపే ఖాళీ అవుతుంది. 1948 జులై 18న కశ్మీర్‌లోని టిథ్వాల్ దగ్గర, 6 రాజ్‌పుతానా రైఫిల్స్‌కు చెందిన కంపెనీ హవల్దార్ మేజర్ పీరు సింగ్ స్టెన్ తూటాలు అయిపోయాక కూడా గ్రెనేడ్లతో ముందుకు సాగి అమరుడయ్యాడు, పరమవీర చక్ర పొందాడు. అందువల్ల ఐదు నుంచి ఏడు మ్యాగజీన్లు అన్న లెక్క చాలా సైన్యాల్లో స్థిరపడటం నాకు సహజంగానే తోస్తుంది. అంతకు తక్కువైతే త్వరగా అయిపోతాయి, ఎక్కువైతే మనిషి పరుగెత్తలేడు.