రంగు చూసి గులాబీకి పేరు పెట్టకు

అమ్మాయీ,

నువ్వు పంపిన రెండు ఫొటోలూ చూశాను. ఒకదాంట్లో పసుపు మీద గులాబీ అంచు, రెండోదాంట్లో దాదాపు తెలుపు. తప్పు మొక్క ఇచ్చారేమోనని టెన్షన్ పడుతున్నావు కదా, ముందు దాన్ని పీకే ఆలోచన మానుకో. రెండూ ఒకే కొమ్మకి పూసి ఉండొచ్చు.

ఎరుపు, గులాబీ ఛాయలు చల్లదనంలో బాగా పడతాయి, ఎండలు ముదిరితే తగ్గిపోతాయి, పసుపేమో ఎండకి తొందరగా వెలిసిపోతుంది, పైగా చలికి నిండుగా పూసిన మొక్కే వేసవిలో చిన్న పువ్వులు, తక్కువ రేకులతో వెలవెలబోతుంది. 1945లో 'పీస్' పేరుతో అమ్మకానికి వచ్చిన గులాబీ రకం అచ్చం ఇలాగే ఆటలాడుతుంది. 'ఐస్‌బర్గ్' తెల్లగులాబీయే, అయినా రాత్రులు చల్లబడితే మొగ్గ మీద గులాబీ ఛాయ వస్తుంది. 'డబుల్ డిలైట్'కి అంచు ఎరుపెక్కాలంటే ఎండ తగలాలి, నీడలో పెడితే వెన్నరంగే ఎక్కువ కనిపిస్తుంది. 'మ్యుటాబిలిస్' అయితే పసుపుఛాయతో విచ్చుకుని, గులాబీ అయి, చివరికి ముదురు ఎరుపుకొస్తుంది, ఒకే పొదలో మూడు రంగులూ ఉంటాయి. కాబట్టి రంగు మారడం కూడా ఒక గుర్తే, ఎప్పుడు ఎటు మారుతుందో రాసి పెట్టుకో.

నేనూ ఒకసారి మండుటెండల్లో పూసిన పువ్వు చూసి పేరు రాసేసి, ఆ పేరుతోనే నలుగురికి కొమ్మలిచ్చాను. చలికాలం రాగానే ఆ పేరు తప్పని తెలిసింది, అందరికీ మళ్ళీ చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పట్నుంచి పువ్వు కంటే ముందు మొక్కనే చూస్తున్నాను. ముల్లు నిటారుగా ఉందా, కిందికి వంగిందా, దగ్గరదగ్గరగా ఉన్నాయా? ఆకు మెరుస్తుందా, ఒక్కో ఆకులో చిట్టి ఆకులు అయిదా, ఏడా? చిగురు ఏ రంగు? మొగ్గని కప్పి ఉంచే పచ్చరెక్కల అంచు నున్నగా ఉందా, చీలికలుగా ఉందా? పువ్వులు ఒంటరిగానా, గుత్తులుగానా? వాసన మాత్రం పొద్దున్నే చూడు, మధ్యాహ్నానికి తగ్గిపోతుంది. రేకులు కూడా ఒక పువ్వువి కాదు, నాలుగైదు పువ్వులవి లెక్కపెట్టు, 'పీస్'కి నలభై దాటతాయి.

ఇంకో సంగతి. అంటు కట్టిన చోటుకి కింద నుంచి పిలక వస్తే అది అంటుకి వేర్లిచ్చిన అడుగు మొక్కది, దాని ఆకులూ పువ్వులూ వేరుగా ఉంటాయి, దాన్ని మొదలంటా తీసెయ్యి. అలా కాకుండా పైకొమ్మల్లో ఒక్కటే ఏ కాలంలోనైనా వేరే రంగు పూస్తుంటే మాత్రం కత్తిరించకు, మొక్కలోనే మార్పు వచ్చి ఉండొచ్చు, 'షికాగో పీస్' 'పీస్' నుంచి అలా పుట్టిందే.

ఇప్పుడు మొగ్గ, ముల్లు, ఆకు వెనకవైపు, మొక్క మొదలు ఫొటోలు పంపు. పువ్వు ఫొటో చలికాలం వచ్చాక, పొద్దున పూట తీసి పంపు, రెండూ పక్కపక్కన పెట్టి చూసి అప్పుడు చెప్తాను.

పెద్దమ్మ