పోచంపల్లికి వచ్చే పర్యాటక బస్సుల వల్ల వీధుల్లోని చేనేత కుటుంబాలకు లాభం కలగాలంటే ఏం చేయాలి?

ముందుగా బస్సు ఆగే చోటు మార్చాలి. భూదాన్ పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపు ఇచ్చింది. హైదరాబాద్ నుంచి గంటన్నర ప్రయాణం కావడంతో చాలామంది పూటలో చూసి వెళ్లిపోతారు. బస్సు పెద్ద దుకాణం గుమ్మంలోనే ఆగితే డబ్బూ అక్కడే ఆగుతుంది. ఊరికి ఒక కొసన దించి, మరో కొసన ఎక్కించుకుంటే జనం నడుస్తారు. దారిలో టీ తాగుతారు, మగ్గం చప్పుడు విని లోపలికి తొంగిచూస్తారు.

అసలు కిటుకు ఆ లోపలే ఉంది. నూలు పోగులకు రబ్బరు ముక్కలు బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పితే కట్టిన మేర తెల్లగా మిగులుతుంది. అది కళ్లారా చూసినవారు ధర గురించి గీచిగీచి బేరమాడరు. అయితే వేల రూపాయల చీరను అప్పటికప్పుడు అందరూ కొనలేరు కదా! చేతిరుమాళ్లు, దిండు గలీబులు కూడా అమ్మకానికి ఉంచాలి. మగ్గం చూపించినందుకు చిన్న రుసుము తీసుకోవడం తప్పేమీ కాదు, నేతగాడి పని ఆగుతుంది మరి. కనీసం రెండు గంటలు ఆగుతామని బస్సువాళ్లతో ముందే ఒప్పందం చేసుకోవాలి.