మిక్స్‌డ్ మీడియా (రకరకాల రంగులు, సామగ్రి కలిపి వేసే) బొమ్మలో ఆయిల్ రంగుల మీద అక్రిలిక్ వేయొచ్చా?

వేయకూడదు, అక్రిలిక్ మీద ఆయిల్ నిలుస్తుంది గానీ, ఆయిల్ మీద అక్రిలిక్ నిలవదు. అక్రిలిక్‌లో ఉన్న నీరు ఆవిరైతే చాలు, రంగు ఆరిపోతుంది. ఆయిల్ రంగు అలా కాదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది, మందపాటి పూతకైతే నెలలు పడుతుంది. ఆ జిడ్డు పొరను అక్రిలిక్ సరిగా పట్టుకోలేదు, కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడొచ్చు. అదే వరుస తిరగేసి, ఉదాహరణకు కాగితాలు అతికించి, అక్రిలిక్‌తో బ్యాక్‌గ్రౌండ్ వేసి, అది బాగా ఆరాక పైన ఆయిల్‌తో ముఖం వేస్తే ఇబ్బంది లేదు. (రంగులు వేసే ముందు కాన్వాస్‌కు అడుగు పూతగా పూసే జెస్సో కూడా ఇప్పుడు ఎక్కువగా అక్రిలిక్‌దే కదా!) చేతికి అంటకపోతే ఆయిల్ ఆరినట్టేనని చాలామంది అనుకుంటారు. అప్పటికి ఆరింది పైపొర మాత్రమే. లోపల కూడా ఆరినా, అక్రిలిక్ పట్టు అనుమానమే.