పాత పాటలే బాగుంటాయని అనిపించడం వయసు ప్రభావమేనా?

నలభై దాటాక 90ల పాటలు తప్ప వేరేవి చెవికి ఎక్కడం లేదనీ, పద్నాలుగేళ్ల మీ అబ్బాయి కారులో పెట్టే పాటలు వినలేకపోతున్నాననీ, ఇది వయసు ప్రభావమా లేక ఇప్పటి పాటల్లో నిజంగానే సరుకు లేదా అనీ అడిగారు. ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మీకు 90ల పాటలే వినాలనిపించడానికి వయసే కారణం, అందులో నాకు సందేహం లేదు. ఇప్పటి పాటలు బాగున్నాయా లేదా అన్నది మాత్రం వేరే లెక్క. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని తేల్చేయడం దగ్గరే గొడవంతా మొదలవుతుంది.

తెనాలిలో మాకు క్యాసెట్ల దుకాణం ఉండేది. అమ్మకాల కన్నా రికార్డింగే మాకు ఆధారం. జనం ఖాళీ క్యాసెట్టు కొనుక్కుని, కావలసిన పాటల పేర్లు నోటుబుక్కు కాగితం మీద రాసి ఇచ్చి వెళ్లేవారు. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక్కో వైపు ఆరేడు పాటలు పట్టేవి. సెలవుల్లో ఆ కాగితాలు తీసుకోవడం, రికార్డింగ్ అయ్యాక అట్ట మీద పాటల పేర్లు కుదురుగా రాయడం నా పని. కొన్నాళ్లకు, మనిషిని చూడకుండా కాగితం చూసి వయసు చెప్పగలిగేదాన్ని. ఘంటసాల పద్యాలు, ‘పుష్పవిలాపం’ అడిగారంటే రిటైరైన మాస్టారో, కావడానికి సిద్ధంగా ఉన్న గుమాస్తాగారో. కె.వి. మహదేవన్ బాణీలు, సుశీల పాటలు వరసగా ఉంటే పెళ్లీడు పిల్లలున్న ఇల్లు. కాలేజీ కుర్రాళ్ల కాగితాల్లో పై నుంచి కింది దాకా ఇళయరాజా. 1989లో ‘గీతాంజలి’ వచ్చిన కొత్తలో కొందరు ఆ ఒక్క సినిమా పాటలే రెండు వైపులా నింపమని అడిగేవారు.

అదే కౌంటరు దగ్గర పెద్దవాళ్లు అనే మాటలూ వినిపించేవి. ఇళయరాజా పాట మోగుతుంటే “వాయిద్యాల హోరు తప్ప పాటెక్కడుంది” అని ఒకాయన విసుక్కునేవారు. 1992లో ‘రోజా’తో రెహమాన్ వచ్చాక చూడాలి. ఇళయరాజా కోసం క్యాసెట్లు అరగదీసిన కుర్రాళ్లే, అప్పటికి ఉద్యోగాల్లో కుదురుకుని, “ఇదంతా యంత్రాల మోత, ఇందులో ప్రాణం లేదు” అనడం మొదలుపెట్టారు. ఈ రోజు రెహమాన్ పాటలు పెట్టుకుని కళ్లు మూసుకునేవాళ్లు తమన్, అనిరుధ్‌ల గురించి దాదాపు అదే మాట అంటున్నారు. ముప్ఫై ఏళ్లుగా ఫిర్యాదు మారలేదు, ముద్దాయి మారుతున్నాడు.

దీని మీద పరిశోధనలు కూడా జరిగాయి. 1989లో మోరిస్ హాల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అనే అమెరికన్ పరిశోధకులు 1932 నుంచి 1986 దాకా వచ్చిన పాటల ముక్కలను వేర్వేరు వయసుల వాళ్లకు వినిపించి, ఏది ఎంత నచ్చిందో చెప్పమన్నారు. తమకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు ఉన్నప్పుడు వచ్చిన పాటల మీదే వాళ్ల ఇష్టం శిఖరానికి చేరిందని తేలింది. మనస్తత్వ శాస్త్రం మరో సంగతి కూడా చెబుతుంది. నడివయసు దాటినవాళ్లను జీవితంలో గుర్తున్న ఘట్టాలు చెప్పమంటే, పదేళ్లకూ ముప్ఫై ఏళ్లకూ మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారు. మొదటి స్నేహాలు, మొదటి ఊరు మార్పు, మొదటి జీతం, ప్రేమా పెళ్లీ అన్నీ ఆ కాలంలోనే కదా. అప్పుడు పక్కన ఏ పాట మోగుతుంటే అది వాటితో కలిసి లోపల ఉండిపోతుంది. అందుకే మీరు 90ల పాట విన్నప్పుడు పాటను ఒక్కదాన్నే వినడం లేదు. ఆ ఇష్టం అబద్ధమని నేను అనను. ఎంతో విలువైనది అది. కానీ ఆ విలువలో బాణీకి చెందే వాటా ఎంత, మీ ఇరవై ఏళ్లకు చెందే వాటా ఎంత అన్నది విడదీసి చూసుకోవాలి.

రెండో ప్రశ్నకు మా దుకాణంలోనే ఒక సాక్ష్యం ఉంది. సినిమా ఆడకపోతే దాని క్యాసెట్లు అమ్ముడుపోక అటక మీదకు చేరేవి. కంపెనీ క్యాసెట్ల వెనక అంచున రెండు చిన్న గుంటలుంటాయి. వాటిని అలాగే వదిలేస్తే వేరే రికార్డింగ్ పడదు. మా నాన్నగారు ఆ గుంటల మీద సెల్లోటేపు ముక్కలు అంటించి, చెరిపేసి, అడిగినవాళ్ల పాటలు వాటి మీదకు ఎక్కించేవారు. అలా చెరిగిపోయిన పాటలూ 90లవే. వాటిలో వాన పాటలు, ఊతపదాలతో నింపిన పల్లవులు, హిందీ బాణీలకు అతికించిన మాటలు కొల్లలుగా ఉండేవి. వాటి పేర్లు ఈ రోజు ఎవరికీ గుర్తు లేవు. మనం “90ల పాటలు” అంటున్నది ముప్ఫై ఏళ్ల జల్లెడలో నిలిచినవాటిని. వాటిని ఈ శుక్రవారం విడుదలైన పాటలన్నిటి పక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు.

“ఇప్పుడు రాసేవాళ్లే లేరు” అన్న మాట నాకు మరీ బాధ కలిగిస్తుంది. 1986లో ‘సిరివెన్నెల’ పాటలతో తెలుగువాళ్ల మనసు దోచిన సీతారామశాస్త్రిగారే, 2020 సంక్రాంతికి వచ్చిన ‘అల వైకుంఠపురములో’ సినిమాకు ‘సామజవరగమన’ రాశారు. 1991లో ‘క్షణ క్షణం’ పాటలు చేసిన కీరవాణిగారే 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ అందుకున్నారు. ఒక పాట రాసింది ఎవరో చూడకముందే దాని తేదీ చూసి తీర్పు చెప్పడం ఆ కవులకూ స్వరకర్తలకూ చేసే అన్యాయం. అన్నట్టు, ఆస్కార్ వేదిక మీద కీరవాణిగారు తలచుకున్నది ఎవరిని? 1970ల అమెరికన్ బృందం కార్పెంటర్స్‌ను. వాళ్ల పాటలు వింటూ పెరిగానని చెప్పి, వాళ్ల బాణీలోనే తన కృతజ్ఞత పాడారు. 1961లో పుట్టిన మనిషి, తన కౌమారంలో విన్న సంగీతం. అంతటి సంగీతజ్ఞుడికీ ఆ వయసు పాటలు అంత దగ్గరగా ఉన్నాయి.

అయితే ఏమీ మారలేదని నేను చెప్పడం లేదు. ఒకప్పుడు మద్రాసు స్టూడియోల్లో గాయకులు, వాద్యబృందం కలిసి ఒకేసారి రికార్డు చేసేవారు. గొంతు ముందుండేది, వాద్యాలు దాని వెనక నడిచేవి, ప్రతి అక్షరం స్పష్టంగా అందేది. ఇప్పుడు గొంతు, ఒక్కో వాద్యం విడివిడిగా రికార్డు చేసి కంప్యూటర్‌లో పొరలుగా పేరుస్తున్నారు. ఆ పొరల్లో గొంతు కూడా ఒకటి. దీనికి తోడు, వయసు పెరిగే కొద్దీ మన చెవులు ముందుగా కోల్పోయేది సన్నని, పై శ్రుతిలో ఉండే శబ్దాలను. స, త, ఫ లాంటి హల్లులను గుర్తుపట్టేది వాటితోనే. డెబ్భై దాటిన మా నాన్నగారు “మాటలు అర్థం కావడం లేదు” అంటే అది అభిరుచి సంగతి మాత్రమే కాదు. హెడ్‌ఫోన్లు పెట్టి, సాహిత్యం కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి చేతికిస్తే, తల పంకిస్తూ విన్నారు. రెండోసారి పెట్టమన్నారు కూడా. నాకున్న అసలు అసంతృప్తి వేరు. నేను వింటున్న కొత్త పాటల్లో రెండు చరణాలు పూర్తిగా ఉన్నవి తగ్గిపోతున్నాయి. పల్లవిలో ఎత్తుకున్న ఊహ విచ్చుకోవడానికి చోటు కావాలి. ఈ ఒక్క విషయంలో పాత పద్ధతే మేలని, ఏ జ్ఞాపకాల సాయం లేకుండానే వాదిస్తాను.

మీ అబ్బాయి విషయానికి వస్తాను. 2013లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కరోల్ క్రుమ్‌హాన్సల్ ఇరవై ఏళ్ల విద్యార్థులకు దశాబ్దాల పాటలు వినిపించినప్పుడు, తమ తల్లిదండ్రుల యౌవనకాలపు పాటలతోనూ వాళ్లకు గట్టి అనుబంధం కనిపించింది. ఇంట్లో మోగినవి పిల్లల్లోకి ఇంకుతాయన్నమాట. మా అమ్మాయి అంతే. నేను వంట చేస్తూ పెట్టుకున్న ఇళయరాజా పాటల్లో గిటారు ముక్కలు కూడా పొల్లుపోకుండా పాడుతుంది. నేను ఒక్కసారి కూడా నేర్పలేదు. ‘సామజవరగమన’ నాకు చేరిందీ అలాగే. లాక్‌డౌన్‌లో అది మా ఇంట్లో పొద్దున్నా సాయంత్రం మోగేది. మొదట్లో పట్టించుకోలేదు. మెల్లగా అది నా నోటి మీదకు వచ్చింది. ఒక పాట పదేపదే చెవిన పడితే దగ్గరవుతుంది. ఇరవై ఏళ్ల వయసులో ఒకే క్యాసెట్టును తిప్పి తిప్పి వినే తీరిక ఉండేది మనకు. ఇప్పుడు కొత్త పాటకు కారులో అర నిమిషం ఇచ్చి మార్చేస్తున్నాం.

కాబట్టి మీవాడు ఎంచిన ఒక్క పాటను, సాహిత్యం ముందు పెట్టుకుని, ఒక వారం పాటు రోజూ పూర్తిగా వినండి. అప్పటికీ నచ్చకపోతే ఏది నచ్చలేదో వాడికి వివరంగా చెప్పండి. బదులుగా మీరూ ఒక పాట వినిపించండి. మీ కాలేజీ రోజులది వద్దు. మీరు పుట్టకముందు వచ్చినది, మీకు ఏ జ్ఞాపకమూ ముడిపడనిది వెతికి పెట్టండి. అది మీ ఇద్దరికీ సమానంగా కొత్త.