బీడుపడిన చేనులో మళ్లీ పచ్చిక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. ఊరికి దూరంగా, గుట్ట వారగా మాకు ఎనిమిది ఎకరాల ఎర్రనేల ఉంది. నాన్నగారి కాలమంతా అందులో వేరుశనగే వేశారు. బోరు ఎండిపోయి, పిల్లలు బెంగళూరు చేరాక ఏడేళ్లుగా బీడు పెట్టేశాం. ఇప్పుడు ఎటు చూసినా వయ్యారిభామ (పార్థీనియం) కలుపే. అక్కడక్కడ ఉత్తరేణి, పల్లేరు, గడ్డిచామంతి కనబడతాయి. నా చిన్నతనంలో పక్క గుట్ట మీద నడుమెత్తు గడ్డి ఉండేది. కొట్టాలు కప్పుకోవడానికి బోద కూడా అక్కడినుంచే కోసుకొచ్చేవాళ్లు. ఆ గడ్డి మా చేలో మళ్లీ పెరిగేలా చేయవచ్చా? ట్రాక్టరుతో ఒకసారి లోతుగా దున్నించి గడ్డి విత్తనం చల్లితే చాలునని తెలిసినవారు అంటున్నారు.

జవాబు: చేయవచ్చు. అయితే ముందుగా ఆ ట్రాక్టరు ఆలోచన మానుకోండి. మీ నేలకు ఇప్పుడు జరగగల అపకారాల్లో లోతు దుక్కి మొదటిది.

ఏడేళ్లు వదిలేసినా గుట్ట మీది గడ్డి చేలోకి ఎందుకు దిగి రాలేదో ముందు తెలుసుకోవాలి. ఏళ్ల తరబడి బతికే గడ్డి జాతులు ముఖ్యంగా తమ దుబ్బుల వల్లనే నిలుస్తాయి. ఏటేటా నాగలి తగిలిన చోట ఆ దుబ్బులు చచ్చిపోతాయి. వాటి విత్తనాలు మట్టిలో సాధారణంగా ఎక్కువ కాలం బతకవు, గాలికి ఎంతో దూరం కొట్టుకుపోవు కూడా. వయ్యారిభామ తీరు ఇందుకు పూర్తిగా విరుద్ధం. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి దిగుమతి గోధుమలతో పాటు వచ్చిందని చెప్పే ఈ మొక్కను మన దేశంలో 1950ల నడుమ పూణె వద్ద గుర్తించారు. ఒక్కో మొక్క పది వేలకు పైగా విత్తనాలు రాల్చగలదు, మట్టిలో కూరుకున్న విత్తనం ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తిని నిలుపుకుంటుంది, లోతున పడివున్న ఆ విత్తనాన్ని పైకి తెచ్చి వెలుతురు చూపించే పని మీ ట్రాక్టరు చేస్తుంది. దీనికి తోడు, దశాబ్దాలుగా వేరుశనగకు వేసిన డీఏపీ, జిప్సం శేషం నేలలో ఎంతో కొంత మిగిలే ఉంటుంది. ఆ బలం తొందరగా ఎదిగే కలుపుకే ఎక్కువగా కలిసివస్తుంది. నిదానంగా వేరు దించుకునే నాటు గడ్డికి దానితో పెద్దగా పనిలేదు. కాబట్టి దుక్కి ఎంత అనవసరమో ఎరువు కూడా అంతే అనవసరం.

మొదటి వానకాలమంతా కలుపు విత్తనం రాలకుండా చూడడానికే కేటాయించండి. తొలకరికి మొలిచిన వయ్యారిభామ నాలుగు నుంచి ఆరు వారాల్లో పూతకు వస్తుంది కనుక, నేల తడిగా ఉన్నప్పుడే, పూత కనబడకముందే వేరుతో సహా పీకించాలి. పైపైన కోస్తే మొదట్లోనుంచి మళ్లీ చిగురిస్తుంది. వాన పడిన ప్రతిసారీ కొత్త జట్టు మొలుస్తుంది. ఒక్కసారి పీకి చేతులు దులుపుకుంటే ఫలితం ఉండదు. పీకేవారికి చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి, ఎందుకంటే ఈ మొక్క తగిలితే చర్మం దద్దుర్లెక్కుతుంది, పుప్పొడి పీలిస్తే కొందరికి ఉబ్బసం వస్తుంది. పూతకు రానిదాన్ని కంపోస్టు గుంటలో వేయవచ్చు. పూత పట్టినదాన్ని వేస్తే ఆ ఎరువుతో పాటు విత్తనాన్ని కూడా మీరే చల్లినట్టవుతుంది. ఎనిమిది ఎకరాలూ ఒకే ఏడు పీకించే కూలీ ఖర్చు భరించలేమనుకుంటే, గుట్టను ఆనుకున్న ఎకరం, రెండెకరాలతో మొదలుపెట్టి కిందికి రండి. పైనుంచి వాననీటితో కొట్టుకువచ్చే విత్తనం అప్పుడు శుభ్రపడిన నేలను మళ్లీ పాడుచేయదు.

ఈ పనిలో మీకు సాయపడే పురుగు ఒకటి ఉంది. వయ్యారిభామ ఆకును తినే మెక్సికన్ పెంకు పురుగును 1984లో మన దేశానికి తెచ్చి వదిలారు. పసుపు రంగు రెక్కల మీద నల్లని వంకర గీతలతో ఉండే ఈ పురుగు వానకాలంలోనే పనిచేస్తుంది, ఎండకాలమంతా మట్టిలో దాగి ఉంటుంది. మీ ప్రాంతంలో ఎక్కడైనా ఆకులు జల్లెడలా తినేసి ఉన్న గుంపు కనబడితే, జూలై, ఆగస్టు నెలల్లో అక్కడి పురుగులను ఏరి తెచ్చి మీ చేలో వదలండి. అది పూర్తిగా చంపకపోయినా పూతను బాగా తగ్గిస్తుంది. గట్ల పొడవునా తంటెం విత్తనం చల్లితే అది వయ్యారిభామను అణచివేస్తుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే మాట నిజమే. కాకపోతే గడ్డి నాటబోయే చోట మాత్రం వద్దు, దాని నీడ లేత పిలకలకు కూడా చెరుపే.

ఉప్పునీళ్లు పిచికారీ చేయమని కొందరు చెబుతారు. రోడ్డు పక్కన అయితే సరే, గడ్డి పెంచదలచిన నేలలో ఉప్పు పోయడం తగదు. 2,4-డి అనే కలుపు మందు వెడల్పాకు కలుపును చంపి గడ్డిని వదిలేస్తుంది గాని, నేలకు మేలు చేసే వెంపలి వంటి నాటు జాతులను కూడా తీసేస్తుంది. గాలివాటున పక్కచేలోని పత్తి మీదనో టమాటా మీదనో పడితే మీకు గడ్డికంటే ముందు తగవు మొలుస్తుంది.

ఇక నాటవలసిన గడ్డి సంగతి. దీనికోసం దుకాణానికి వెళ్లనక్కరలేదు. నాగలి ఎన్నడూ ఎక్కని చోట్లు మీ చుట్టూ ఇంకా ఉంటాయి: పాత గట్లు, శ్మశానం, గుడి మాన్యం, చెరువు కట్ట, రైలు కట్ట, మీరు చెప్పిన గుట్ట. అక్టోబరు, నవంబరు నెలల్లో వెన్ను తీసినప్పుడు వెళ్లండి, ఎందుకంటే వెన్ను లేని గడ్డిని గుర్తుపట్టడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే. 1973లో వెలువడిన దేశవ్యాప్త గడ్డినేలల సర్వే మన దక్కను పీఠభూమిని సెహిమా, డైకాంథియం అనే రెండు గడ్డి జాతుల పేరుతోనే వర్గీకరించింది. మీలాంటి గరుకు ఎర్రనేలల్లో సెహిమా, ఎద్దిగడ్డి, క్రైసోపోగాన్ బాగా నిలుస్తాయి. నల్లరేగడిలో, పల్లపు నేలల్లో డైకాంథియం కుదురుకుంటుంది. వీటి మధ్య బోద కూడా పెట్టండి. పశువు దాన్ని పెద్దగా ముట్టదు గాని, వాలులో మట్టిని బాగా పట్టి ఉంచుతుంది. ఒకే జాతితో చేను నింపితే అది గడ్డి పంట అవుతుంది, గడ్డినేల కాదు.

ఎద్దిగడ్డిని మీరు తప్పకుండా చూసే ఉంటారు. పండినప్పుడు దాని ముళ్లతోకలన్నీ గోధుమరంగు తాడులా పెనవేసుకుని వేలాడతాయి, దాటి వెళ్లినవారి పంచె నిండా గుచ్చుకుంటాయి. ఒక గింజను తడి అరచేతిలో పెట్టుకుని చూడండి: మెలిపడి ఉన్న తోక తడికి విప్పుకుంటూ గింజను గిరగిర తిప్పుతుంది, ఆరితే తిరిగి మెలిపడుతుంది. వాన, ఎండ మారిమారి వచ్చే రోజుల్లో ఆ గింజ నేలలోకి తనంతట తానే దిగబడేది ఇలాగే. అందుకే దాన్ని పూడ్చనవసరం లేదు.

పండిన వెన్నులను చేత్తో దూసి, నీడన ఆరబెట్టి, గుడ్డ సంచిలో మరుసటి వానకాలం దాకా ఉంచండి. ఈ గడ్డి గింజల్లో చాలావాటికి కోసిన వెంటనే మొలకెత్తే గుణం ఉండదు. నెలల తరబడి నిద్రావస్థలో ఉంటాయి. అప్పుడే చల్లి, మొలవలేదని విత్తనాన్ని నిందించేవారు చాలామంది. పొట్టు, నూగు ఉన్న తేలికపాటి గింజ గాలికి ఎగిరిపోకుండా జల్లించిన మట్టి, పేడ, ఇసుక కలిపి చిన్న ఉండలు చేసి చల్లవచ్చు. సెంటీమీటరుకు మించి లోతున పడకూడదు. చల్లాక మీద ఒక ముళ్లకంప లాగితే చాలు.

నా మటుకు నేను విత్తనంకంటే వేరుతో ఉన్న పిలకలనే ఎక్కువగా నమ్ముతాను. లెక్క కూడా చూసుకోండి: రెండడుగులకు ఒకటి చొప్పున నాటితే ఎకరాకు దాదాపు 11 వేల పిలకలు కావాలి, మూడడుగుల ఎడమైతే ఐదు వేల లోపే సరిపోతాయి. అన్ని పిలకల కోసం గుట్టను తవ్వేస్తే ఇక్కడ పచ్చిక పెంచడానికి అక్కడి పచ్చికను చంపినట్టే. ఒక్కో దుబ్బులో పావు వంతుకు మించి తీయకండి. అది రిజర్వు అడవి అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా గడ్డపార వేయకండి. తెచ్చిన పిలకలను చేనంతా పలచగా చెదరగొట్టే బదులు, వాలుకు అడ్డంగా మూడు, నాలుగు వరుసల పట్టీలుగా నాటి, పట్టీకీ పట్టీకీ మధ్య విత్తనం చల్లండి. వాలునీరు పట్టీ దగ్గర ఆగుతుంది, మట్టి నిలుస్తుంది, గింజ రాలి కిందికి పాకుతుంది. జూలైలో రెండు మంచి వానలు పడ్డాక ఆకును జానెడు ఎత్తుకు కత్తిరించి నాటాలి. అనంతపురంలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర వాన, నడుమ మూడు వారాలు ముఖం చాటేయడం దానికి అలవాటే, కనుక సగం పిలకలు పోయినా నిరాశపడకుండా మరుసటి ఏడు ఖాళీలు పూరించండి. రెండో ఏడు దాకా చేను చూసినవారికి కలుపే కనబడుతుంది, ఎందుకంటే ఈ జాతులు ముందు కిందికి పెరుగుతాయి. నాలుగో వానకాలానికి దుబ్బుల మధ్య నేల మూసుకుపోవడం మొదలైతే పని సరైన దారిలో ఉన్నట్టే.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లా. మా ఊరి ఉమ్మడి పచ్చికలో గడ్డి ఆర్నెల్లు ఎండిపోయి ఉంటోందని, దాని బదులు చెట్లు నాటాలని యువకులు అంటున్నారు. సూపర్ నేపియర్, స్టైలో వేస్తే మేలని మరికొందరి మాట. ఏది సరైనది?

జవాబు: ఎండిన గడ్డి చచ్చిన గడ్డి కాదు. దాని ప్రాణం వేసవిలో వేళ్లలో ఉంటుంది. ప్రభుత్వ పటాల్లో ఇటువంటి నేలలను బంజరు కింద చూపడం వల్ల అక్కడ ఏదో ఒకటి నాటితేనే బాగుపడుతుందన్న భ్రమ బలపడింది. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యాన్ని చూడండి. బట్టమేక పక్షి వల్ల పేరుపొంది, 1988లో అభయారణ్యంగా ప్రకటితమైన ఆ 614 హెక్టార్ల నేల ముఖ్యంగా గడ్డినేల. నేల మీదే గుడ్డు పెట్టి, దూరాన కదిలే శత్రువును కనిపెట్టి బతికే ఆ పక్షికి దట్టమైన తోపు పనికిరాదు, కృష్ణజింకకూ అంతే. మీ ఊళ్లో చెట్లు నాటాలన్న ఉత్సాహాన్ని కాదనను, బడి ఆవరణలో, రోడ్డు వెంట, చెరువు దిగువన నాటించండి. పచ్చికలో ఉన్న రేగు, తంగేడు పొదలు చాలు.

సూపర్ నేపియర్ నీరు, ఎరువు పెట్టి పెంచే మేత పంట. బోరు కింద పావెకరంలో వేసుకోండి, పాడి పశువుకు బాగుంటుంది. దానికి పచ్చికతో సంబంధం లేదు. స్టైలో కరీబియన్ ప్రాంతపు పప్పుజాతి మొక్క. మన మెట్ట నేలల్లో వాటర్‌షెడ్ పనుల కింద దాన్ని బాగా చల్లారు, మేతగా మంచిదే. నాటు పచ్చికే కావాలనుకునేవారు మాత్రం దాన్ని గట్ల మీదికి పరిమితం చేయడం మేలు.

ప్రశ్న: ప్రకాశం జిల్లాలో మా పాత చేను సర్కారు తుమ్మతో నిండిపోయింది. జేసీబీ పెట్టి ఒక్క వారంలో తీసేయించి గడ్డి వేద్దామనుకుంటున్నాను.

జవాబు: ఒక్క వారంలో తీసేయిస్తే వచ్చే వానకాలానికి ఆ కదిలిన మట్టి మీద తుమ్మ మొలకలు, వయ్యారిభామ కలిసి లేస్తాయి. 1870లలో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో విత్తిన ఈ చెట్టు రాయలసీమను, తీరాన్ని ఆక్రమించడానికి పశువులే వాహనమయ్యాయి: తియ్యని కాయను మేక తింటుంది, గింజ అరగకుండా పెంటికలో బయటపడుతుంది, ఎరువుతో సహా మొలుస్తుంది. గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో ఉప్పు నేల ముందుకు రాకుండా ఆపడానికని 1960ల ఆరంభంలో నాటిన ఇదే చెట్టు బన్నీ అనే ప్రసిద్ధమైన గడ్డినేలలో చాలా భాగాన్ని మింగింది. అక్కడి పశుపాలకులు ఇప్పుడు దాన్ని తొలగించుకుంటూ గడ్డిని తిరిగి తెచ్చుకుంటున్నారు.

మీరు చేనును నాలుగు ముక్కలుగా అనుకుని ఏడాదికి ఒక ముక్క తీయండి. నేలమట్టానికి నరికితే మొద్దునుంచి పది కొమ్మలు లేస్తాయి. చిగురు పుట్టే కణుపులు నేలకు కాస్త లోపల ఉంటాయి కనుక, అడుగు లోతు దాకా మొదలు తవ్వి నరకాలి. వేసవిలో నరికి కట్టెలు బొగ్గు బట్టీకి అమ్మితే కూలీ ఖర్చు కొంతైనా తిరిగివస్తుంది. ఖాళీ అయిన ముక్కలో ఆ వానకాలమే గడ్డి పిలకలు పడాలి, ఒక్క ఏడు కూడా నేలను వట్టిగా ఉంచకూడదు. వానల తర్వాత మోకాలెత్తు మొలకలను తడి మీద చేత్తో లాగేయవచ్చు. ఆ పని మరో ఐదారేళ్లు సాగుతుందని ముందే అనుకోండి.

ప్రశ్న: గడ్డి కుదురుకున్నాక గొర్రెలను తోలవచ్చా, అసలు ముట్టనివ్వకూడదా?

జవాబు: మొదటి రెండేళ్లు ముట్టనివ్వకండి. ఆ తర్వాత తోలాలి. మేపకుండా, కోయకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే ఎండుగడ్డి పేరుకుని దుబ్బు తన ఆకులోనే తాను ఊపిరాడక కుంగిపోతుంది, మధ్యలో పొదలు లేస్తాయి, ఒక్క బీడీ ముక్క చాలు మంట రేగడానికి. ఎద్దిగడ్డి ఉన్న చోట అక్టోబరు, నవంబరుల్లో గొర్రెలను దించితే ముళ్లగింజ ఉన్నిలోనుంచి చర్మంలోకి, నోట్లోకి గుచ్చుకుని పుండ్లు పడతాయి. గింజ రాలిన తర్వాత, డిసెంబరునుంచి కొద్దికొద్దిగా మేపి, దుబ్బు బెత్తెడు ఎత్తుకు రాగానే మందను పక్క భాగానికి మార్చండి. సర్కారు తుమ్మ కాయలు మేసి వచ్చిన మంద అయితే నాలుగైదు రోజులు దొడ్లో కట్టి, వేరే మేత పెట్టిన తర్వాతే పచ్చికలోకి తోలండి. ఆ దొడ్డి పెంటను కూడా పచ్చికలో చల్లకండి.